తిరుపతి చుట్టుపక్కల హైస్కూల్ పిల్లలకు మ్యూజియం కార్యక్రమాలు: ఒక టీచర్ అనుభవం

మీ అక్క కొడుకు అమెరికాలో ప్రతి శనివారం ఆర్ట్ మ్యూజియంలో క్లాసులకు వెళ్తున్నాడని, తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయికి బొమ్మలంటే ప్రాణమని, తిరుపతిలో అలాంటిది ఏదైనా ఉందా అని అడిగారు. టెన్త్ ముందర ఇదంతా టైం వేస్ట్ అని ఇంట్లో అంటున్నారని కూడా రాశారు. నేను చంద్రగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎనిమిదేళ్ళుగా ఏటా పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్తున్నాను కాబట్టి వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. పేరు రాయించుకుని వారం వారం వెళ్ళే క్లాసు ఈ ఎనిమిదేళ్ళలో నాకు ఇక్కడ కనిపించలేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అయితే హైస్కూల్ పిల్లల్ని జీతమిచ్చి ఇంటర్న్‌లుగా కూడా తీసుకుంటారు. మనకు అది లేదు. కానీ ఆ క్లాసుల్లో జరిగే అసలు పని మన దగ్గర చేసుకోవచ్చు. ఒక్క వస్తువు ముందు చాలాసేపు కూర్చుని, చూసి, మాట్లాడటం. అంతే ఆ పని.

ఇది నాకు మొదట తెలియదు. మొదటి ఏడాది 62 మందిని చంద్రగిరి కోటకు తీసుకెళ్ళాను. రాజమహల్లో పురావస్తు శాఖ వాళ్ళ మ్యూజియం ఉంది కదా, రాతి విగ్రహాలు, పంచలోహ విగ్రహాలు అన్నీ ఒక్క గంటలో చూపించి, పక్కనున్న బోర్డులు నోట్సులో రాసుకోమన్నాను. పిల్లలు బోర్డులు చూశారు గానీ విగ్రహాలు చూడలేదు. మర్నాడు క్లాసులో అడిగితే ఎవరికీ ఏదీ గుర్తులేదు. ఒక అమ్మాయి మాత్రం లేచి, "మేడం, అక్కడ ఒక అమ్మవారికి చెయ్యి ఇరిగిపోయింది. మా ఇంట్లో అయితే పగిలిన పటం కూడా పెట్టుకోరు. అక్కడ ఎందుకు పెట్టినారు?" అంది.

ఆ రోజు పాఠం పక్కన పెట్టేశాను. గుడిలో విగ్రహానికి, మ్యూజియంలో విగ్రహానికి తేడా ఏమిటి, విరిగినదాన్ని పూజించకపోయినా ఎందుకు దాచుకోవాలి అని పీరియడ్ అంతా పిల్లలే వాదించుకున్నారు. పుస్తకంలో విజయనగరం పాఠం చెప్పినప్పుడు ఆ క్లాసులో నేనెన్నడూ అంత మాట వినలేదు.

తర్వాత చదివితే తెలిసింది, అమెరికాలో దీనికొక పద్ధతే ఉందట. న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో విద్యా విభాగం చూసిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ పరిశోధకురాలు అబిగైల్ హౌసెన్ కలిసి తయారు చేశారు. మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? దేన్ని చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? పెద్దవాళ్ళు జవాబు చెప్పకూడదు. పిల్లలు చెప్పింది మళ్ళీ ఒకసారి పలికి, ఇంకొకరిని అడగాలి. వినడానికి తేలిక. జవాబు తెలిసిన టీచరుకి నోరు మూసుకుని నిలబడటమే చాలా కష్టం.

ఈ ప్రశ్నలు నేను బాగా వాడుకున్నది గుడిమల్లం విషయంలో. అది మ్యూజియం కాదు, పూజలు జరిగే గుడి. ఏర్పేడు మండలంలో ఉంది. అక్కడి పరశురామేశ్వర లింగం క్రీస్తు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అంచనా. దాదాపు అయిదడుగుల ఎత్తు. ముందు వైపు శివుడు ఒక మరుగుజ్జు యక్షుడి భుజాల మీద నిలబడి ఉంటాడు. గర్భగుడి దగ్గర ఎక్కువసేపు నిలబడనివ్వరు కాబట్టి ముందురోజే పెద్ద ఫోటో గోడకు అంటించి, ఏమీ చెప్పకుండా అయిదు నిమిషాలు చూడమన్నాను.

ఎప్పుడూ వెనక బెంచీలో ఉండే పిల్లాడొకడు చెయ్యి ఎత్తాడు. "మేడం, ఆయన చేతిలో ఉండేది పొట్టేలు. తల కిందికి ఉంది, ఎనక కాళ్ళు పట్టుకున్యాడు. మా తాత కూడా అట్లే పట్టుకుంటాడు." వాళ్ళది గొర్రెలు మేపే కుటుంబం. రెండో చేతిలో చిన్న కుండ, భుజం మీద గండ్రగొడ్డలి కూడా వాడే చూపించాడు. అంతకుముందు ఆ ఫోటో నేను చాలాసార్లు చూశాను, పొట్టేలు అని చదివాను కూడా. పట్టుకున్న తీరు మాత్రం గమనించలేదు. మర్నాడు గుళ్ళో హారతి వెలుగులో లింగం కనబడగానే వాడు పక్కవాడికి వేలితో చూపిస్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మీ అమ్మాయి బొమ్మలు వేస్తుందన్నారు కాబట్టి శ్రీకాళహస్తి తప్పకుండా తీసుకెళ్ళండి. కలంకారీ వస్త్రాన్ని అద్దాల వెనక చూడటం వేరు, వేస్తున్న చోట చూడటం వేరు. మేము ఒక కళాకారుడి ఇంట్లో కూర్చున్నాం. పాలు, కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ పరిచారు. చెక్కిన వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో కట్టిందే కలం. దాన్ని కసిమిలో ముంచారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి ఊరబెట్టిన ద్రవం అది. వేళ్ళతో ఉన్నిని మెల్లగా నొక్కుతూ గీత గీస్తే, పలచటి ద్రవం గుడ్డ మీద పడి నల్లగా మారిపోయింది. పిల్లలు ఒక్కసారిగా "హా!" అన్నారు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, కసిమిలోని ఇనుము కలిస్తే నలుపు వస్తుంది. పాలలోని కొవ్వు రంగును పక్కలకు పాకనివ్వదు. మరుసటి ఏడాది మా ఫిజికల్ సైన్స్ సారు తానే బయలుదేరి వచ్చారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన కాళహస్తి రామాయణ వస్త్రం ఉంది. దాని ఫోటో మ్యూజియం వెబ్‌సైట్లో చూపిస్తే మీ అమ్మాయి గీతలన్నీ గుర్తుపడుతుంది.

ఇక టైం వేస్ట్ అన్న మాట. అమెరికాలో అర్కాన్సాస్ రాష్ట్రంలో 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం తెరిచినప్పుడు వస్తామన్న స్కూళ్ళు మరీ ఎక్కువై లాటరీ తీశారు. వెళ్ళినవాళ్ళని, ఇంకా వెళ్ళనివాళ్ళని పరిశోధకులు పోల్చి చూశారు. 123 స్కూళ్ళు, దాదాపు 11 వేల మంది. సుమారు గంటసేపు చూసి వచ్చిన పిల్లలు, తర్వాత ఒక కొత్త బొమ్మ ఇచ్చి రాయమంటే మిగతావాళ్ళ కన్నా ఆలోచించి రాశారు. అక్కడ ఒక పెయింటింగులో మేపుల్ చెట్ల తియ్యటి రసంతో, చక్కెరకు బదులుగా, పాకం కాస్తుంటారు. బానిసల శ్రమతో తయారైన చక్కెర కొనకూడదని బానిసత్వ వ్యతిరేకులు చేసిన పని అది. కొన్ని వారాల తర్వాత కూడా ఆ బొమ్మ చూసినవాళ్ళలో 88 శాతం మంది ఈ సంగతి చెప్పగలిగారు. ఎక్కువ లాభం పొందింది పల్లెటూరి పిల్లలు, పేద స్కూళ్ళ పిల్లలే. మా స్కూలు పిల్లలకు ఇది అనవసరం అన్నవాళ్ళకి నేను ఈ మాటే చెప్తుంటాను. మార్కుల టెన్షన్ నాకూ తెలుసు. ఏడాదికి నాలుగు ఆదివారాలు తీస్తే టెన్త్ ఏమీ పోదు.

ఇంట్లో భవిష్యత్తు గురించి అడిగితే రెండు చెప్పండి. 9 నుంచి 12 తరగతుల పిల్లలకు కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు పెడుతోంది, అందులో చిత్రకళ, శిల్పం ఉన్నాయి. పేర్లు స్కూలు నుంచి పంపాలి కాబట్టి హెడ్‌మాస్టర్ని అడగండి. టెన్త్ తర్వాత అయితే తిరుపతిలోనే టీటీడీ వాళ్ళ సంప్రదాయ శిల్పకళా సంస్థ ఉంది. రాతి, లోహ, కొయ్య శిల్పాలు, సంప్రదాయ చిత్రలేఖనం డిప్లొమాగా నేర్పిస్తారు. కలంకారీ కూడా నేర్పిస్తారు.

మొదట చంద్రగిరితోనే మొదలుపెట్టండి. శుక్రవారం మ్యూజియం సెలవు. 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు. పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే కోటలో రాళ్ళు కాలుతాయి. ఒక పెన్సిల్, గీతల్లేని నోట్‌బుక్ ఇచ్చి, నచ్చిన ఒక్క విగ్రహం ఎంచుకోమనండి. అరగంట పాటు మీరు ఫోన్ తీయకుండా పక్కనే కూర్చోండి. ఏమీ చెప్పొద్దు. ఏం కనిపించిందో తనే చెప్తుంది.