విడిగా ఉంటున్న భార్యకు మాజీ సైనికుడి పెన్షన్‌లో సగం వస్తుందా?

సగం అనేది మన దగ్గర లేదు చెల్లెమ్మా. మీ ఆయన హవల్దారుగా రిటైరయ్యారని, నాలుగేళ్లుగా బొబ్బిలిలో పుట్టింట్లోనే ఉంటున్నానని, విడాకులు కాలేదని రాశారు. మా అప్పదీ అచ్చం ఇదే కథ, కాకపోతే టెక్కలి వైపు.

ఆ సగం మాట అమెరికాది. 1982లో అక్కడ వచ్చిన చట్టంతో, విడాకులప్పుడు సైనిక పెన్షన్‌ను ఆస్తిలా పంచే అధికారం రాష్ట్రాల కోర్టులకు వచ్చింది. మేమూ నెట్‌లో అదే చదివి తెగ సంబరపడ్డాం. ఇక్కడ మీరు అడగాల్సింది వాటా కాదు, మనోవర్తి, అంటే భార్య పోషణకు భర్త నెలనెలా ఇవ్వాల్సిన డబ్బు. అది లెక్కకట్టేటప్పుడు పెన్షన్‌ను ఆయన ఆదాయంగా చూస్తారు.

సర్వీసులో ఉన్నప్పుడైతే ఆర్మీయే జీతంలో పట్టుకుని భార్యకు పంపే ఏర్పాటుంది. ఆ సంగతి మాకు తెలిసేసరికి బావ డిశ్చార్జి అయి ఇంటికొచ్చేశాడు. ఆర్మీ రికార్డు ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాస్తే కోర్టుకెళ్లమని జవాబొచ్చింది. ఆరు నెలలు అలా పోయాయి. మీరు నేరుగా కోర్టుకే వెళ్లండి. మనోవర్తి అడిగే పాత సీఆర్‌పీసీ 125 సెక్షనే 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. మీరున్న చోటే వేయొచ్చు, ఆయన ఊరికి తిరగక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకున్నందుకు నెలనెలా పట్టుకునేది) పోగా చేతికొచ్చేది ఇంతే అని బావ కోర్టులో చిన్న అంకె చెప్పాడు. ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, అది వేయించి మా లాయరు బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగాడు. వైజాగ్‌లో చేస్తున్న సెక్యూరిటీ ఉద్యోగం జీతం కూడా బయటపడింది! నెలకు 9,000 ఆర్డరైంది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నాలుగు నెలలిచ్చి మానేశాడు. ఇస్తాడులే, సంక్రాంతికి వస్తాడుగా అని 14 నెలలు ఊరుకున్నాం. ఏ నెల డబ్బు బకాయి పడితే ఆ రోజు నుంచి ఏడాదిలోగా పిటిషన్ వేయకపోతే దాని వసూలుకు కోర్టు వారంటు ఇవ్వదట. మొదటి రెండు నెలల 18,000 అలా చేజారాయి. మీరు రెండో నెల దాటనివ్వకండి.

ఇక విడాకుల కాగితం. మూడు లక్షలు తీసుకుని సంతకం పెట్టేయమని ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టారు. మా అమ్మ కూడా మెత్తబడింది. అప్ప పెట్టలేదు. విడాకులైపోతే ఆయన తర్వాత ఫ్యామిలీ పెన్షన్ రాదు. వేరుగా ఉన్నా భార్యగా ఉంటే ఆ హక్కు పోదు. మామూలు రేటైతే అది ఆయన చివరి జీతంలో 30 శాతం. వీలునామా రాసి దాన్ని వేరేవాళ్లకు మళ్లించడం కుదరదని 1991లోనే ఒక రైల్వే ఉద్యోగి భార్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మూడు లక్షలు ఎన్నేళ్లొస్తాయో మీరే లెక్కేసుకోండి.

అన్నట్టు, పీపీఓలో, అంటే ఆయన పెన్షన్ మంజూరు పత్రంలో, మీ పేరుందో లేదో ముందు చూసుకోండి. ఆయన సర్వీస్ నంబరు, పెళ్లి ఫొటో, ఆధార్ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే ఎలా కనుక్కోవాలో చెబుతారు. మా అప్ప పేరు అందులో ఒక అక్షరం తప్పు పడింది. దాన్ని సరిచేయించే పని ఇంకా నడుస్తూనే ఉంది.