అద్దె ఇంట్లో వంటగదికి లక్షా ఇరవై వేలా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడిని. 2025 జూన్‌లో బ్లూ కార్డ్ అనే ఉద్యోగ అనుమతి మీద జర్మనీలోని మ్యూనిక్ వచ్చాను. నవంబరులో నా భార్య, నాలుగేళ్ల పాప వచ్చారు. జీతం ఏడాదికి 62,000 యూరోలు, కోతలు పోను నెలకు 3,220 చేతికొస్తుంది. అందులో 600 ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన ఇండియాలో దాచుకునే) ఫిక్స్‌డ్ డిపాజిట్లకు, 200 ఈఎంఐకి, 100 అమ్మానాన్నలకు పంపుతున్నాను. డిపాజిట్లు ₹5.2 లక్షలయ్యాయి. వచ్చేముందు 13 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకున్న ₹6 లక్షల పర్సనల్ లోన్‌కి పది ఈఎంఐలు కట్టాను. మా అద్దె ఇంట్లో వంటగది సామాను ఏమీ లేదు, ఒక్క హాట్ ప్లేట్ మీదే వండుకుంటున్నాం. వాడిన కిచెన్ సెట్ ఒకటి 1,200 యూరోలకు దొరుకుతోంది, కొందామని మా ఆవిడ అంటోంది. అద్దె ఇంటికి లక్షా ఇరవై వేలు పెట్టడం తెలివైన పనేనా? నాన్నగారు జహీరాబాద్ వైపు 6 గుంటల ఫామ్ ప్లాట్ ₹14 లక్షలకు చూసి నా పేరున కొనమంటున్నారు. ఇక్కడ పరిచయమైన మనవాళ్లొకరు నెలకు 200 యూరోల పెన్షన్ పాలసీ తీసుకోమంటున్నారు. ఏది ముందు చేయాలి?
– ఒక పాఠకుడు, మ్యూనిక్

జవాబు: ముందు వంటగది కొనండి.

తమాషాకి అనడం లేదు. మీ ఉత్తరంలో ఒక్క సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. 62,000 యూరోల జీతాన్ని యూరోల్లోనే రాశారు, 1,200 యూరోల కిచెన్‌ని మాత్రం లక్షా ఇరవై వేలు చేశారు. వచ్చేది యూరోల్లో, ఖర్చు రూపాయల్లో లెక్కపెడితే ఏ ఊళ్లో ఉన్నా మనిషికి స్థిమితం ఉండదు. నా క్లయింట్ ఒకాయన డబ్లిన్‌లో దిగిన కొత్తలో కాఫీ ధర చూసి, నాలుగు వందలా అని వెనక్కి వచ్చేసేవాడట. ఆరు నెలలు అలా గడిపి, ఏడో నెలలో విసుగొచ్చి కారు లోన్ తీసుకున్నాడు. నోరు కట్టుకున్నవాళ్లు చాలామంది చివరికి చేసే పని అదే. చిన్న ఖర్చులకు ప్రాణం పోగొట్టుకుంటారు, పెద్దదాని దగ్గర కళ్లు మూసుకుంటారు.

వందతో గుణించి సంతోషించదగ్గ చోటు జర్మనీలో నాకు తెలిసి ఒకటే ఉంది, సూపర్‌మార్కెట్‌లో ఖాళీ సీసాలు వెనక్కిచ్చే మెషీన్. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసా వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయి. పాపకి ఆ పని అప్పజెప్పండి, సీసాకి ఇరవై ఐదు రూపాయలని లెక్క నేర్పండి. మిగతా అన్నిచోట్లా గుణకారం మానేయండి.

ఇప్పుడు మీ నెల లెక్క. మీరు జతచేసిన కాగితం ప్రకారం హీటింగ్‌తో కలిపి అద్దె 1,480, కరెంటు, ఇంటర్నెట్ 100, మీ ఇద్దరి ట్రైన్ పాస్‌లు 126, కిరాణా 420, పాప కిండర్‌గార్టెన్ 150, ఫోన్లు 30, రేడియో-టీవీ రుసుము 18. మొత్తం 2,324. మిగిలేది దాదాపు 900. ఆ 900కి 900 ఇండియాకి వెళ్లిపోతోంది. ఆ పైన వందో నూట యాభయ్యో తేలితే, అది కిరాణాలో గీచి గీచి మిగిల్చిందే అయ్యుంటుంది. రేపు ఉద్యోగం పోయినా, ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినా, అర్జంటుగా హైదరాబాద్‌కి మూడు టికెట్లు కొనాల్సి వచ్చినా మీ దగ్గర మ్యూనిక్‌లో డబ్బు లేదు. ఇండియాలోని డిపాజిట్లు విరిచి తెప్పించుకుంటాను అంటారేమో. ఎన్ఆర్ఈ డిపాజిట్‌ని ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ ఒక్క పైసా రాదు, పైగా డబ్బు రావడానికి రోజులు పడుతుంది. ఖర్చు ఏ కరెన్సీలో ఉందో, ఆపద్ధనం కూడా ఆ కరెన్సీలోనే ఉండాలి. మీ విషయంలో నేను చెప్పదలచుకున్నది అసలు ఇదొక్కటే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

మీరు అడగకుండా వదిలేసిన రెండు విషయాల్లో నెలకు 600 యూరోలకు పైగా ఉంది.

మొదటిది కిండర్‌గెల్డ్, పిల్లల భత్యం. బ్లూ కార్డ్ మీద ఉన్నవాళ్లకూ హక్కు ఉంది. 2025లో నెలకు 255 యూరోలు, 2026 జనవరి నుంచి 259. మీ కాగితంలో ఆదాయం కింద అది కనిపించలేదంటే మీరు దరఖాస్తే చేయలేదు. 'విదేశీయులకు ఎందుకిస్తారులే' అని ఊరుకున్నవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు. చిక్కేమిటంటే, దరఖాస్తు చేసిన నెలకు వెనక ఆరు నెలల వరకే బకాయి ఇస్తారు. పాప నవంబరులో వచ్చింది. ఈ నెలలో పంపితే ఇప్పటిదాకా రావాల్సిన 1,500 యూరోల చిల్లర అంతా చేతికొస్తుంది, ఆలస్యమైన ప్రతి నెలకీ ఒక నెల భత్యం పోతుంది. పాప పేరున పోస్టులో వచ్చిన టాక్స్ నంబరు కాగితం వెతికి పట్టుకోండి, దరఖాస్తుకి అది కావాలి.

రెండోది టాక్స్ క్లాస్, అంటే జీతంలోంచి నెలనెలా పన్ను ఎంత కోయాలో తేల్చే వర్గం. మీ భార్య వచ్చి అడ్రస్ నమోదు చేసుకున్నాక మీ ఇద్దరినీ 4వ క్లాస్ (4-4) కింద పెట్టి ఉంటారు. అందులో పన్ను కోత ఒంటరిగా ఉన్నప్పుడు పడిన 1వ క్లాస్‌లో ఎంతో అంతే. అందుకే మీకు తేడా తెలియలేదు. ఆమెకు ఇంకా సంపాదన లేదు కాబట్టి ఇద్దరూ కలిసి టాక్స్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టి మీరు 3, ఆమె 5 తీసుకుంటే మీ జీతానికి నెలకు సుమారు 350 నుంచి 400 యూరోలు ఎక్కువ చేతికొస్తుంది. ఇది కొత్తగా పుట్టిన డబ్బు కాదు. 4లోనే ఉన్నా, ఏడాది చివర ఉమ్మడి రిటర్న్ వేస్తే ఇదే తిరిగొచ్చేది. కాకపోతే అప్పుడు రావాల్సింది ఇప్పుడే వస్తుంది, మీకు అవసరం ఇప్పుడే ఉంది. 3-5 తీసుకున్నవాళ్లు తప్పనిసరిగా రిటర్న్ వేయాలి. ఆమె ఉద్యోగంలో చేరిన నెలలో దీన్ని మళ్లీ చూసుకోండి, ఎందుకంటే 5వ క్లాస్‌లో ఆమె జీతం మీద కోత భారీగా ఉంటుంది. రిటర్న్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఉద్యోగం కోసం దేశం మారినప్పుడు సొంత జేబు నుంచి పెట్టిన టికెట్లు, సామాను రవాణా ఖర్చుల్ని పన్నులో చూపించుకోవచ్చు. జూన్ నాటి రసీదులు పారేయకుండా ఉంటే బాగుండు.

ఇక అప్పు. 13 శాతానికి తెచ్చిన అప్పు ఒక పక్క ఉంచుకుని, అంతకంటే బాగా తక్కువ వడ్డీకి డిపాజిట్ వేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. మీ ఈఎంఐ ₹20,200 చొప్పున ఇంకా 26 నెలలు కడితే ₹5.25 లక్షలు. ఇవాళ తీర్చేస్తే అసలు సుమారు ₹4.56 లక్షలు. తేడా ₹69,000. ముందే మూసినందుకు బ్యాంకు ఛార్జీ వేయవచ్చు, డిపాజిట్లకు ఏడాది నిండలేదు కాబట్టి ఆ వడ్డీ కూడా పోతుంది. అవన్నీ పోనిచ్చినా ముప్పై వేలకు అటూ ఇటూగా మీకే మిగులుతుంది. అంతకంటే ముఖ్యం, నెలకు 200 యూరోలు విడుదలవుతాయి. బ్యాంకుని క్లోజర్ స్టేట్‌మెంట్ అడిగి, ఛార్జీ ఎంతో చూసుకుని, డిపాజిట్లు తీసి అప్పు మూసేయండి.

అప్పుడు నెలకు డిపాజిట్‌కి పంపే 600, ఈఎంఐ 200, కొత్తగా వచ్చే 600 కలిపి 1,400 యూరోలు. మూడు నెలల ఖర్చు దాదాపు 7,000. అయిదు నెలలు మొత్తం మ్యూనిక్ ఖాతాలోనే ఉంచితే అది సమకూరుతుంది. జీతం పడే ఖాతాలో కాకుండా, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే వీలున్న వడ్డీ ఖాతా వేరేగా తెరవండి, అక్కడ దాన్ని టాగెస్‌గెల్డ్ అంటారు. అమ్మానాన్నలకు పంపే వంద మాత్రం ఆపకండి. ఆ అయిదు నెలలూ ఇండియాకి ఇంకేమీ పంపకండి. మీ నాన్నగారికి ఈ మాట నా పేరు చెప్పి చెప్పండి, కోపం నా మీదికి మళ్లుతుంది.

కిండర్‌గెల్డ్ బకాయిగా వచ్చే పదిహేను వందల్ని ఈ లెక్కలో కలపలేదు. అది వంటగదికి.

ఆ ప్లాట్ సంగతి. విదేశంలో ఉండే భారతీయులు ఇండియాలో ఇల్లు, ఫ్లాట్, ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్ హౌస్ కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, కొనకూడదు. గుంటల లెక్కన అమ్మే ఈ ఫామ్ ప్లాట్లు చాలావరకు కాగితాల మీద వ్యవసాయ భూములే. గేటు పెట్టి, రోడ్డు వేసి, మామిడి మొక్కలు నాటినంత మాత్రాన అది లేఅవుట్ అయిపోదు. గజాల్లో కాకుండా గుంటల్లో ధర చెప్పడంలోనే గుట్టంతా ఉంది. ఉద్యోగం కోసం దేశం దాటిన రోజు నుంచి ఫెమా లెక్కలో మీరు ఎన్ఆర్ఐ. కాబట్టి మీ పేరున వద్దు. నాన్నగారి పేరున ఆయన డబ్బుతో ఆయన కొనుక్కుంటే అది ఆయన ఇష్టం. మీ డబ్బు పెట్టి ఆయన పేరున రాయిస్తే మాత్రం అది ఆయన ఆస్తి, రేపు వీలునామా లేకపోతే అమ్మగారికీ తోబుట్టువులకూ అందులో వాటా ఉంటుంది. ఇష్టపడి ఇస్తే మంచిదే, తెలియక ఇచ్చి తర్వాత మాటలు పడొద్దు.

ఇంకొకటి, ఆ ఈఎంఐ ఏ ఖాతా నుంచి పోతోంది? హైదరాబాద్‌లోని పాత సేవింగ్స్ ఖాతా నుంచే అయితే దాన్ని ఎన్ఆర్ఓగా, అంటే ఎన్ఆర్ఐలు ఇండియాలోని రాబడి, చెల్లింపులకు వాడే ఖాతాగా మార్పించండి. ఎన్ఆర్ఐ అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతా అలాగే నడపకూడదు. మ్యూచువల్ ఫండ్లు ఉంటే కేవైసీ మార్చుకోండి. పీపీఎఫ్ ఉంటే గడువు దాకా కొనసాగించవచ్చు, పొడిగించడం కుదరదు.

ఎన్ఆర్ఈ వడ్డీకి పన్ను లేదన్నది మనవాళ్లందరికీ కంఠతా వచ్చిన మాట. ఆ మినహాయింపు ఇండియాలో. మీరిప్పుడు జర్మనీ పన్ను లెక్కలో అక్కడి నివాసి, ప్రపంచంలో ఎక్కడ వడ్డీ వచ్చినా అక్కడి రిటర్న్‌లో చూపించాలి. భార్యాభర్తలకు కలిపి ఏడాదికి 2,000 యూరోల వరకు మినహాయింపు ఉంది. మీ వడ్డీ ఇప్పుడు ఆ లోపే, పన్ను పడదు. పదేళ్ల తర్వాత డిపాజిట్లు కోటి రూపాయలయ్యాక ఈ మాట గుర్తొస్తే మాత్రం కష్టం.

పెన్షన్ పాలసీ మీద సంతకం పెట్టకండి. కొత్తగా దిగినవాళ్లను ముందుగా పలకరించేది మనవాళ్లే, అందులో పాలసీలు అమ్మేవాళ్లూ ఉంటారు. ఇల్లు వెతికిపెట్టారనో, ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి సామాను మోశారనో మొహమాటం. ఇలాంటి పాలసీల్లో అమ్మకం ఖర్చుల్ని మొదటి అయిదేళ్ల ప్రీమియంల్లోంచే రాబట్టుకుంటారు, మూడేళ్లకు మానేస్తే కట్టినంత కూడా రాకపోవచ్చు. మీరు అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారో మీకే తెలియదు, ముప్పై ఏళ్ల పాలసీ ఎందుకు? ఈపాటికే సంతకం పెట్టేసి ఉంటే, జీవిత బీమా, పెన్షన్ పాలసీలకు పాలసీ కాగితాలు అందాక 30 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంది. ఎలాగూ మీ జీతంలోంచి 9.3 శాతం ప్రభుత్వ పెన్షన్‌కి పోతోంది, కంపెనీ కూడా అంతే వేస్తోంది. 60 నెలలు నిండితే వయసొచ్చాక అక్కడి పెన్షన్‌కి అర్హులవుతారు, అది ఇండియాకి వచ్చేసినా పోదు.

అక్కడ కొనాల్సిన పాలసీ వేరే ఉంది, హాఫ్ట్‌ఫ్లిష్ట్ అంటారు, మనవల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా. కుటుంబం మొత్తానికి ఏడాదికి వంద యూరోల లోపే దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ తాళంచెవి పోయిందనుకోండి, అదే చెవి కింద గేటుకీ పనిచేసేదైతే బిల్డింగ్ మొత్తానికి తాళాలు మార్చి ఆ బిల్లు మీ చేతిలో పెట్టే ప్రమాదముంది. తాళంచెవులకు వర్తిస్తుందో లేదో చూసి మరీ తీసుకోండి.

మీ ఆవిడ గురించి మీరు రాసింది ఒక్క ముక్క, కిచెన్ అడుగుతోందని. ఇండియాలో ఏం చదివారో, ఏం పని చేశారో రాయలేదు. బ్లూ కార్డ్ ఉన్నవారి భార్యకు ఏ ఉద్యోగమైనా చేసే అనుమతి ఉంటుంది. అడ్డం భాషే. ఆ పాలసీకి ఇవ్వబోయిన 200 యూరోలు ఆమె జర్మన్ క్లాసులకు పెట్టండి, మున్సిపాలిటీ నడిపే ఫోల్క్స్‌హోక్‌షూలెలో ప్రైవేటు కన్నా చవకగా చెబుతారు. మీరూ చేరండి. బ్లూ కార్డ్ మీద శాశ్వత నివాసం 27 నెలలకు వస్తుంది, బీ1 (మధ్యస్థ) స్థాయి జర్మన్ భాష వస్తే 21 నెలలకే. ఆర్నెల్లు ముందు స్థిరపడటానికి పుస్తకాల ఖర్చు ఏపాటిది?

చివరిగా కిచెన్. అక్కడ చాలా ఇళ్లు నీళ్ల పైపు, కరెంటు పాయింట్ మాత్రమే ఉన్న ఖాళీ గదితో వస్తాయి, ఇల్లుగలాయన మోసమేమీ కాదు. ఒక్క ప్లేట్ మీద అన్నం దించి పప్పు పెట్టి, పప్పు దించి కూర పెట్టేసరికి మొదటిది చల్లారిపోతుంది. ఆ విసుగులో వారానికి రెండుసార్లు బయట తింటే నెలకు ఎంతవుతుందో మీరే వేసి చూడండి, ఏడాది తిరక్కుండా ఆ సెట్ ఖరీదు దాటిపోతుంది. ఇల్లు మారేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లొచ్చు, లేదా తర్వాత వచ్చేవాళ్లకు అమ్మొచ్చు. 1,200కి కొన్నది మూడేళ్లకు 600కి పోయినా నెలకు 17 యూరోలు కూడా పడదు. కొనేముందు గోడ కొలత టేపుతో తీసుకోండి, సింకు ఏ వైపుందో చూడండి. ఓవెన్ కలిపే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, దానికి ఇంకో వంద, నూట యాభై పక్కన పెట్టుకోండి. అమ్మేవాళ్ల దగ్గర సంతకంతో ఒక చీటీ రాయించుకోండి, ఇల్లు వదిలేరోజు ఆ కిచెన్ మీదేనని చూపించడానికి పనికొస్తుంది.