మారుమూల ఊళ్లలో పోలీసులు నిజంగా అక్కరకొస్తారా?

'కొండ ఊళ్లో గొడవైతే పోలీసులు వస్తారా, ఊరి పెద్దలే దిక్కా?' అని అడిగారు. పాడేరు ఏజెన్సీలో, ఒడిశా సరిహద్దు దగ్గర కొన్నేళ్లు టీచరుగా పనిచేశాను కాబట్టి అక్కడి సంగతే చెప్తాను.

గొడవ జరుగుతుండగా వచ్చి ఆపుతారన్న ఆశ పెట్టుకోకండి. ఫోన్ చెయ్యాలంటే ముందు సిగ్నల్ దొరికే గట్టెక్కాలి. రోడ్డు ఆగిన చోట జీపు దిగి నడిచి రావాలి. రోగిని డోలీలో మోసుకెళ్లే దారది, పోలీసులకు మాత్రం వేరే దారి ఉంటుందా?

జరగబోయేదాన్ని ఆపడంలో మాత్రం పనికొస్తారు. ఓ వానాకాలం పక్క గూడెంలో వరసగా పిల్లలు జ్వరంతో పోయారు. చిల్లంగి (చేతబడి) పెట్టాడని ఓ ముసలాయన మీద అనుమానం పుట్టింది. ఏజెన్సీలో ఆ మాట వచ్చిందంటే ప్రాణం మీదకొచ్చినట్టే. సంతలో కనబడిన కానిస్టేబుల్ చెవిన వేశాం. అతనిదీ కొండ ఊరే, ఆదివాసీ ఒడియా బాగా వచ్చు. మర్నాడు యూనిఫాం లేకుండా బండి మీద వచ్చి నాయుడింటి (అక్కడ ఊరి పెద్దను అలాగే అంటారు) అరుగు మీద కూర్చున్నాడు. కాఫీ గింజల రేటు, పసుపు, పిల్లల చదువులు అన్నీ మాట్లాడాడు గానీ అసలు విషయం ఎత్తలేదు. లేచి వెళ్తూ మాత్రం, "మామా, ఆ తాతకేమన్నా అయితే ముందు నీ పేరే రాసుకుంటా" అన్నాడు. తర్వాత రక్తపరీక్షలు చేయిస్తే మలేరియా అని తేలింది. ముసలాయన జోలికి ఎవరూ పోలేదు.

అదే స్టేషన్లో, దుక్కిటెద్దులు పోయాయని వెళ్లిన రైతుకు "ఎస్ఐ గారు లేరు, రేపు రా" అన్నారు. రేపు రావడమంటే ఇంకో రోజు కూలి పోవడం. రెండోసారి వెళ్తే "ఒడిశా దాటేసుంటాయి, అక్కడే ఇచ్చుకో" అన్నారట! ఇలాంటివి చూశాకే జనం నాయుడి దగ్గరే తప్పు (జరిమానా) కట్టి తేల్చుకుంటారు. (ఆడవాళ్ల కేసులు కూడా అలాగే తేల్చేస్తారు, అది నాకు అస్సలు నచ్చదు.)

పోలీసుల వైపు కష్టమూ ఉంది. మావోయిస్టుల భయంతో ఏళ్ల తరబడి ఇసుక బస్తాల వెనకే ఉన్నారు. స్టేషన్ మెట్లెక్కినవాడికి ఇన్ఫార్మర్ అన్న పేరొస్తుందని జనానికీ భయమే. 2018 సెప్టెంబరులో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమలను మావోయిస్టులు చంపిన రోజున, జనం కోపం తిరిగింది డుంబ్రిగుడ, అరకు పోలీసు స్టేషన్ల మీదికే. నిప్పు పెట్టేశారు.

నా లెక్కలో కొత్త జీపుల కన్నా ఆ కానిస్టేబుల్‌ని బదిలీ చెయ్యకుండా ఉంచడమే మేలు. కానీ చేసేశారు. తర్వాత వచ్చినాయన మైదానం మనిషి, పక్కన ఎవరైనా ఉండి తెలుగులో చెప్పాలి.

మీకు అవసరం పడితే: ఫిర్యాదు కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా చెప్పుకోవచ్చు, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీకి పోస్టులో పంపండి. ఒక నకలు మీ దగ్గరుంచుకోండి.