పాత టెలిస్కోపుకి లక్షా నలభై వేలా?

ప్రశ్న: అమలాపురంలో జూనియర్ లెక్చరర్‌ని. పాలకొల్లులో ఒక రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారి ఇంట్లో ఎనిమిది అంగుళాల పాత రిఫ్లెక్టర్ (అద్దంతో పనిచేసే) టెలిస్కోపు అమ్ముతున్నారు. 1970ల నాటి అమెరికా సరుకు, మోటారుతో సహా 1,40,000 చెప్పారు. "ఇది యాంటిక్ సార్, పదేళ్లు ఉంచితే ఫారిన్ వాళ్లు డబుల్ ఇస్తారు" అంటున్నాడు వాళ్లబ్బాయి. మా పాప ఇంటర్ ఫీజు కోసం దాచిన ఎఫ్‌డీ తీసి కొనమంటారా? జీతం కాక ఎకరంన్నర పొలం మీద కౌలు తప్ప వేరే ఆదాయం లేదు. రాజమండ్రి నుంచి ఇంకో పార్టీ కూడా వస్తున్నారట.

జవాబు: లెక్చరర్ గారూ, ముందు ఆ రాజమండ్రి పార్టీ సంగతి మర్చిపోండి. సెకండ్ హ్యాండ్ బేరాల్లో ఇంకో పార్టీ ఎప్పుడూ దారిలోనే ఉంటాడు.

ఇక డబుల్ సంగతి. 1,40,000 ఏడు శాతం వడ్డీకి పదేళ్లు బ్యాంకులో పడుంటే మీరు వేలు కదపకుండానే సుమారు 2,75,000 అవుతుంది. అంటే అబ్బాయి గొప్పగా చెప్పిన డబుల్, ఎఫ్‌డీ ఇచ్చేదానికి కాస్త అటూ ఇటూ, అంతే. పైగా ఆ పదేళ్లూ కోనసీమ తేమలో దాన్ని బూజు పట్టకుండా కాపాడే పని మీదే. యాంటిక్ అన్న మాటా నిలవదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు కావాలంటే వందేళ్లు నిండాలి, నిండితే మాత్రం ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి లేదు. కాబట్టి అది యాంటిక్ అయితే ఫారిన్ వాళ్లకి అమ్మలేరు, కాకపోతే మామూలు పాత సామాను. పన్ను విషయంలో ఒక చిన్న ఊరట ఉంది: సొంతానికి వాడుకునే వస్తువుని లాభానికి అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ పడదు, కానీ లాభం కోసమే కొని మూలన పెట్టి సొంత వాడకం అంటే ఒప్పించడం కష్టం.

అయితే మీరు నిజంగా ఆకాశం చూడాలనుకుంటున్నారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు, అందుకే అడుగుతున్నాను. చూడాలనే ఉంటే ఇది పెట్టుబడి కాదు, సరదా ఖర్చు. అప్పుడు అడగాల్సింది పదేళ్ల తర్వాత ఎంతకి పోతుందని కాదు, ఇవాళ ఎంత పెట్టవచ్చు అని.

పాత అంబాసిడర్ కొనేవాడు ఇంజన్ చూసినట్టు మీరు అడుగున ఉండే పెద్ద అద్దం చూడండి, రిఫ్లెక్టర్ విలువలో ఎక్కువ భాగం అక్కడే. గాజు మీద పల్చటి అల్యూమినియం పూత ఉంటుంది, మన సముద్రపు గాలికి అది పాడవుతుంది. చీకటి గదిలో అద్దం వెనక టార్చిలైటు పెట్టి ముందు నుంచి చూస్తే పూత పోయినచోట సూదిమొన చుక్కల్లా వెలుతురు కనిపిస్తుంది. నాలుగు చుక్కలైతే పర్లేదు, జల్లెడలా ఉంటే మళ్లీ పూత వేయించాలి. అది వాక్యూమ్ ఛాంబర్‌లో చేసే పని, వీధి చివర అద్దాల షాపులో కాదు, కొరియర్‌తో కలిపి ఎంతవుతుందో ముందే కొటేషన్ తీసుకుని ధరలోంచి కోసేయండి. దుమ్ముకి భయపడక్కర్లేదు, దయచేసి అక్కడే రుమాలుతో తుడవకండి. గాజుకే పగులో లోతైన గీతో ఉంటే వచ్చేయండి. కన్ను పెట్టి చూసే ఐపీస్ కటకాల్లో సాలెగూడులా కనిపిస్తే అది బూజు, వాటికి సున్నా కట్టండి. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నది అసలు పట్టించుకోవద్దు. ఎనిమిది అంగుళాలకి సిద్ధాంతం ప్రకారం 400 రెట్లు గరిష్ఠం, మామూలు రాత్రుల్లో అందులో సగం దక్కితే సంతోషించాలి.

ఆ ధరలో మోటారుకీ డబ్బు కలిపినట్టున్నారు, ఇక్కడే నాకు అనుమానం. భూమి తిరుగుడుకి తగ్గట్టు టెలిస్కోపుని రోజుకో చుట్టు వేగంతో తిప్పి నక్షత్రాన్ని ఎదుటే ఉంచడం దాని పని. అమెరికా మోటారు 110 వోల్టులు, 60 హెర్ట్జ్‌కి చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి దించొచ్చు కానీ మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో అప్పటి సింక్రనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ని బట్టే వేగం ఉండేది) ఆరింట ఐదొంతుల వేగంతోనే తిరుగుతుంది, 24 గంటల చుట్టుకి దాదాపు 29 గంటలు పడుతుంది. గంటలో నక్షత్రం ఐదు పున్నమి చంద్రుల వెడల్పంత ముందుకెళ్లిపోతుంది. మౌంట్, అంటే టెలిస్కోపుని మోసే స్టాండు, కూడా అక్కడి అక్షాంశానికి కట్టినదే, దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. మనకి ధ్రువ నక్షత్రం పదహారు, పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, కొన్ని పాత మౌంట్లు అంత కిందికి వంగవు. మాస్టారు ఏదైనా మార్పు చేయించి ఉంటే తిప్పి చూపించమనండి. లేదంటే మోటారు విలువ సున్నా.

కొనే ముందు ఒకసారి రాత్రిపూట ఒక నక్షత్రాన్ని చూపించమని అడగండి. ఫోకస్ అటు కొంచెం, ఇటు కొంచెం తప్పిస్తే రెండు వైపులా ఒకేలాంటి గుండ్రటి వలయాలు రావాలి. అద్దాలు సరిగ్గా అమర్చాక కూడా అవి వంకరగా వస్తే అద్దం చెక్కడంలోనే లోపం ఉండొచ్చు. వానాకాలంలో ఇది కుదరదు కాబట్టి మబ్బు సాకు చెప్పి ఈలోపు అడ్వాన్సు ఇచ్చేయకండి.

ధర విషయం: ఇవాళ కొత్త ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ (సాదా స్టాండు మీద తిరిగే రిఫ్లెక్టర్) ఇండియాలో ఎంతకి దొరుకుతుందో రెండు మూడు చోట్ల అడగండి. అన్నీ బాగుంటే అందులో సగం, నా లెక్కలో అదే గట్టి పరిమితి, ఆ తర్వాత పూత ఖర్చు తీసేయాలి. 1,40,000 అయితే ఏ లెక్కకీ అందడం లేదు. మాస్టారి జ్ఞాపకాల విలువ వాళ్లింట్లోనే ఉంటుంది, దానికి మీరు కట్టక్కర్లేదు.

ఎఫ్‌డీ ముట్టుకోకండి. మధ్యలో తీస్తే చాలా బ్యాంకులు అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోస్తాయి, అది కూడా పెద్ద విషయం కాదు, జూన్‌లో ఫీజు కట్టడానికి మళ్లీ అప్పు చేయాల్సి రావడమే విషయం. కొనాలనుంటే దాళ్వా (రెండో పంట) కౌలు చేతికొచ్చాక అందులోంచి ఇవ్వండి. అప్పటికి రాజమండ్రి పార్టీ కొనేసుకుంటే పోనీండి. బేరం మీకే కుదిరితే మాత్రం పెద్ద అద్దాన్ని ట్యూబులోంచి తీయించి, మెత్తటి గుడ్డ చుట్టి, కారులో ఒళ్లో పెట్టుకుని చించినాడ వంతెన దాటండి, ట్యూబు ఎలా వచ్చినా పర్లేదు.