సోదా కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

బరంపురం నుంచి ఆశీస్సులు. నీ నవలిక రాతప్రతి అందింది, రెండుసార్లు చదివాను. పర్లాకిమిడి వీధులు, మహేంద్రతనయ ఒడ్డు, సంతకి పాతపట్నం వెళ్ళొచ్చే ఆడవాళ్ళు, ఇంట్లో తెలుగూ వీధిలో ఒడియా మాట్లాడే పిల్లలు, ఇవన్నీ నువ్వు కళ్ళారా చూసి రాశావు. అందుకే నమ్మాను. ఎనిమిదో అధ్యాయంలో పోలీసులు తలుపు తట్టగానే ఆ నమ్మకం పోయింది. ఆ సోదా మన ఊళ్ళో జరిగింది కాదు, ఇంగ్లిషు సీరియల్లో జరిగింది.

నీ కథలో అర్ధరాత్రి పోలీసులు వారెంటు లేకుండా వస్తారు. అటక మీద 22 కిలోల గంజాయి దొరుకుతుంది. చివర్లో లాయరు లేచి "వారెంటు లేదు కనక దొరికిన సరుకు సాక్ష్యం కాదు" అంటాడు, జడ్జి కేసు కొట్టేస్తాడు. అమెరికాలో అయితే ఇలా జరగడానికి వీలుంది. అక్కడి రాజ్యాంగానికి అక్రమ సోదాల నుంచి జనాన్ని కాపాడే నాలుగో సవరణ ఉంది. అక్రమంగా సోదా చేసి పట్టుకున్నది రాష్ట్రాల కోర్టుల్లో కూడా చెల్లదని 1961లో మాప్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చింది. మన రాజ్యాంగంలో అలాంటి అధికరణం లేదు. 1954లోనే ఎం.పి. శర్మ కేసులో మన సుప్రీంకోర్టు ఆ సంగతి చెప్పింది. సోదా సక్రమంగా జరగనంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యానికి పనికిరాకుండా పోదని 1973లో పూరణ్‌మల్ కేసులో అంది. 2017లో పుట్టస్వామి తీర్పు వచ్చి వ్యక్తిగత గోప్యతని 21వ అధికరణంలో ప్రాథమిక హక్కుగా గుర్తించాక వాదించడానికి చోటు పెరిగింది, అది నిజం. కానీ వారెంటు లేదన్న ఒక్క ముక్కతో గంజాయి కేసు గాల్లో కలిసిపోదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నీ పుస్తకం గుణుపూర్లో, రాయగడలో, కొరాపుట్ జిల్లా జైపూర్లో తెలుగువాళ్ళు చదువుతారు. వాళ్ళలో చాలామందికి చట్టం తెలిసేది కథల్లోంచీ సినిమాల్లోంచే. నీ కథ చదివిన కుర్రాడెవడైనా రేపు "వారెంటు చూపిస్తే గానీ రానివ్వను" అని గుమ్మానికి అడ్డం నిలబడితే, ఉన్న కేసుకి తోడు విధులకు అడ్డు తగిలాడని ఇంకో కేసు పడుతుంది. ఆ పాపంలో మనకీ వాటా ఉంటుంది.

ఇప్పుడు మన చట్టం పెట్టిన హద్దుల దగ్గరికి వస్తాను. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తోంది. అందులో 185వ సెక్షన్ కింద దర్యాప్తు చేసే ఆఫీసరు వారెంటు లేకుండానే సోదా చెయ్యొచ్చు. అయితే ఏ వస్తువు కోసం వెతుకుతున్నాడో, వారెంటు తెచ్చుకునేదాకా ఎందుకు ఆగలేడో ముందే కాగితం మీద పెట్టాలి. ఆ కాగితాల నకలు 48 గంటల్లోపు దగ్గర్లోని మేజిస్ట్రేటుకి చేరాలి. 103వ సెక్షన్ ప్రకారం ఆ చుట్టుపక్కల ఉండే, కేసుతో సంబంధం లేని పెద్దమనుషులు ఇద్దరైనా సాక్షులుగా నిలబడాలి. ఇంటివాళ్ళని దగ్గరుండి చూడనివ్వాలి. పట్టుకున్న ప్రతి వస్తువూ, అది దొరికిన చోటూ జాబితా రాసి సాక్షుల చేత సంతకాలు పెట్టించాలి, నకలు ఇంటివాళ్ళకి ఇవ్వాలి. ఆడమనిషిని ఆడమనిషే, మర్యాద తప్పకుండా సోదా చెయ్యాలి. 105వ సెక్షన్ కొత్తగా వచ్చింది. సోదా మొత్తం, జాబితా మీద సంతకాలతో సహా, వీడియో తియ్యాలి, సెల్‌ఫోన్‌తో తీసినా చాలు.

నీకు కావలసిన కథంతా ఇక్కడే ఉందమ్మా. నువ్వు బూట్ల చప్పుడుకీ కుక్కల అరుపులకీ రెండు పేజీలు ఖర్చు పెట్టావు. ఫోను ఎప్పుడు ఆన్ చేశారో రాయి. తలుపు తీయక ముందా, మనిషి అటకెక్కి దిగిన తరవాతా? సాక్షులు ఎవరు? పక్కింటి మాస్టారిని నిద్ర లేపారా, లేక జీపులో వెంట తెచ్చుకున్నారా? ఒకే మనిషి ఎన్ని కేసుల్లో సాక్షి సంతకం పెట్టాడో లాయరు అడిగినప్పుడు కోర్టు హాలు ఎలా నిశ్శబ్దమవుతుందో నేను చూశాను. ఇక ఆ జాబితా. మన వైపు దాన్ని సీజర్ లిస్టు అంటారు. లాంతరు వెలుగులో ట్రంకుపెట్టె మూత మీద పెట్టి రాస్తున్న కాగితం, ఒడియా అక్షరాలు, కింద ఖాళీ. ఆ ఖాళీ పైన సంతకం పెట్టమంటారు. నీ కథలో తల్లికి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. సరిహద్దు ఊళ్ళలో ముసలివాళ్ళు చాలామంది అంతే. ఆ కాగితంలో ఏముందో ఎవరైనా ఆమెకి తెలుగులో చదివి చెప్పారా? చెప్పకపోతే ఆమె వేలిముద్ర వేసిందా, చెయ్యి వెనక్కి తీసుకుందా? ఈ ఒక్క క్షణం మీద ఒక అధ్యాయం నిలబడుతుంది.

నీ లాయరు గెలవాలనుకుంటే గెలిపించు, అయితే గెలిచే చోట గెలిపించు. గంజాయి కేసుకి 1985 నాటి మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్ ఉంది, అందులో షరతులు మామూలు చట్టం కంటే గట్టివి. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది, కనీస శిక్ష పదేళ్ళు, బెయిలు మహా కష్టం. శిక్ష అంత పెద్దది కాబట్టి పద్ధతి కూడా అంత ఖచ్చితంగా పాటించాలని కోర్టులు అంటాయి. 42వ సెక్షన్ ప్రకారం ఇంట్లో సరుకుందని సమాచారం వస్తే ఆఫీసరు దాన్ని రాసుకుని 72 గంటల్లోపు పై అధికారికి నకలు పంపాలి. పొద్దుగూకాక వారెంటు లేకుండా ఇంట్లోకి వెళ్ళాలంటే అందుకు కారణం కూడా రాయాలి. పంపడంలో ఆలస్యమైతే సంజాయిషీ వింటారు గానీ అసలు రాయనేలేదంటే ఒప్పుకోరని 2009లో కర్నైల్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇక 50వ సెక్షన్. ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ ఆఫీసరు ఎదుట గానీ మేజిస్ట్రేటు ఎదుట గానీ సోదా చేయించుకునే హక్కు నీకుందని ఆ మనిషికి చెప్పి తీరాలి. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో దీన్ని గట్టిగా చెప్పారు. ఇది ఒంటికే వర్తిస్తుంది, చేతిలో సంచికి వర్తించదు. నీ కథలో సరుకు అటక మీద ఉంది కనక నీ లాయరు పట్టుకోవలసింది 42నే. స్టేషన్ డైరీ తెప్పించి, ఆ రాత్రి వచ్చిన సమాచారం ఎక్కడ రాశారో చూపించమని ఆఫీసరుని అడగమను. సమాధానం కోసం ఆయన కాగితాలు తిరగేస్తుంటే నీ పాఠకుడు ఊపిరి బిగబట్టి చదువుతాడు.

మర్నాడు తల్లిని ప్రశ్నించడానికి స్టేషనుకి పిలిపించావు. సాక్షిగా ఆడమనిషిని విచారించాలంటే పోలీసులే ఆమె ఇంటికి రావాలి. ఈ నియమం దేశమంతా చర్చకి వచ్చింది ఒడిశా కేసుతోనే. మాజీ ముఖ్యమంత్రి, ఒడియా రచయిత్రి నందినీ శతపథిని 1977లో కటక్‌లో విజిలెన్స్ పోలీస్ స్టేషనుకి రమ్మన్నారు. ఆమె ప్రశ్నలకి జవాబివ్వనంది. 1978లో సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ కలంతో, ఆడవాళ్ళని అలా స్టేషనుకి పిలవడం తప్పంది. తనని నేరంలో ఇరికించే ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదన్న రాజ్యాంగం 20(3) అధికరణం రక్షణ కోర్టులోనే కాదు, పోలీసుల ముందు కూడా ఉంటుందని చెప్పింది. ముఖ్యమంత్రిగా చేసిన మనిషికే ఆ హక్కు కోసం ఢిల్లీ దాకా వెళ్ళాల్సొచ్చింది. నీ కథలో తల్లి ఏం చేస్తుంది? ఆమెకి ఎవరు చెబుతారు?

కొడుకు స్టేషన్లో ఒప్పుకున్నాడు కాబట్టి శిక్ష పడుతుందేమోనని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. పోలీసు దగ్గర ఒప్పుకోలు సాక్ష్యం కాదు. అతను చెప్పినదాన్ని బట్టి కొత్తగా ఏదైనా బయటపడితే, ఆ మేరకే పనికొస్తుంది. ఈ పేరా తీసెయ్, లేదా లాయరు గుమాస్తా చేత ఒక్క ముక్కలో సరి చేయించు.

అరెస్టు దగ్గర భాష సంగతి మళ్ళీ వస్తుంది. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, లాయరుని కలవనివ్వాలి, దారి ప్రయాణం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. ఆ కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మిహిర్ షా కేసులో చెప్పింది. మన జిల్లాలకి ఇంతకంటే అవసరమైన తీర్పు ఈ మధ్య రాలేదని నా అభిప్రాయం. కొండ మీద సవర కుర్రాడి చేతికి ఇంగ్లిషు కాగితం ఇస్తే ఇచ్చినట్టు కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో కూర్చుని సవర భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. అది జరిగి ఇన్నేళ్ళయినా కోర్టు వరండాలో సవర మాట తర్జుమా చేసి చెప్పే మనిషి కోసం ఎదురుచూపులు తప్పడం లేదు. నీ నవలికలో మూడో సాక్షి సవరవాడే కదా, అతని సాక్ష్యం ఎవరు అనువదిస్తున్నారో రాయి.

ఇంకో చిన్న సవరణ. ఒడిశా ఠాణాలో 'సీఐ గారు' ఉండరు, ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌ఛార్జ్) ఉంటారు. నీ పోలీసులు పాతపట్నం వైపు నుంచి వచ్చారనుకుంటే వేరే సంగతి. అప్పుడు వాళ్ళు తమది కాని స్టేషన్ హద్దులో సోదా చేసినట్టు ఇక్కడి ఠాణాకి వెంటనే తెలియజేసి, జాబితా నకలు పంపాలి. ఎవరు వచ్చారో ముందు తేల్చుకో.

సెక్షన్ల నెంబర్లు పాత్రల నోట పలికించకు. నేను నీకు చెప్పాను గానీ నువ్వు పాఠకుడికి చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి సబ్‌డివిజనల్ జుడీషియల్ మేజిస్ట్రేటు (ఎస్‌డీజేఎం) కోర్టు నీకు నడిచి వెళ్ళేంత దూరం. కోర్టు హాలు అందరికీ తెరిచే ఉంటుంది, వెనక బెంచీ మీద ఒక వారం కూర్చో. రిమాండుకి తెచ్చినవాణ్ణి మేజిస్ట్రేటు ఏం అడుగుతారో, ఆ మనిషి ఏ భాషలో జవాబిస్తాడో, ఆ జవాబు కాగితం మీదికి ఏ భాషలో ఎక్కుతుందో రాసుకో. తరవాత ఎనిమిదో అధ్యాయం తిరగరాసి పంపు. మిగతా అధ్యాయాల మీద నా గుర్తులు మార్జిన్లో పెన్సిలుతో పెట్టి ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దనాన్న