యావజ్జీవం 14 ఏళ్లకే పూర్తవుతుందా?

ప్రశ్న: "14 ఏళ్ల యావజ్జీవ శిక్ష పూర్తి చేసుకుని విడుదలైన ఖైదీ" అని ఒక వార్తలో చదివాను. మరో వార్తలో నిందితుడికి "రెండు యావజ్జీవ శిక్షలు" పడ్డాయని రాశారు. యావజ్జీవం అంటే బతికినంత కాలం కదా, అది 14 ఏళ్లకే ఎలా పూర్తవుతుంది? రెండెలా అవుతుంది? యావజ్జీవ, యావజీవ, ఆజన్మ ఖైదు, జీవిత ఖైదు – వీటిలో ఏది సరైన రూపం?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందు రూపం సంగతి చూద్దాం. 'యావత్' పక్కన 'జీవ' చేరితే తకారం జకారమై 'యావజ్జీవ' అవుతుంది, సత్ + జనుడు 'సజ్జనుడు' అయినట్టే. జ-ఒత్తు లేని 'యావజీవ' తప్పు. 'ఆజన్మ' అంటే పుట్టింది మొదలు అని. ఆజన్మ ఖైదు అంటే పసివాణ్ని ఉయ్యాలలోంచే జైలుకు పంపినట్టు! 'ఆమరణ' అనవచ్చు గానీ దాన్ని నిరాహార దీక్షకే వదిలేశాం. 'జీవిత ఖైదు'లో సంస్కృతం పక్కన అరబ్బీ కూర్చుంది. కూర్చోనివ్వండి, జీవిత బీమాకు లేని అభ్యంతరం దీనికెందుకు?

ఇక అర్థం. మీరు అనుకున్నదే సరైనది, న్యాయస్థానం మాట కూడా అదే. గాంధీజీ హత్య కేసులో శిక్ష పడిన గోపాల్ గోడ్సే, తగ్గింపులతో కలిపి తన శిక్షాకాలం పూర్తయింది కనుక విడుదల చేయాలని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. యావజ్జీవమంటే ఖైదీ మిగిలిన జీవితమంతా అని, ప్రభుత్వం శిక్ష తగ్గిస్తే తప్ప విడుదల హక్కు కాదని 1961లో కోర్టు తేల్చింది. అతనికి పడింది నిజానికి 'యావజ్జీవ ద్వీపాంతరవాసం'. ద్వీపాంతరం అంటే మరో దీవి. మన వాళ్లకు ఆ మాట వింటే అండమానే గుర్తొచ్చేది. 1955 నాటి సవరణతో శిక్షాస్మృతిలో ద్వీపాంతరవాసం పోయి కారాగారవాసం వచ్చింది. చోటు మారిందే గానీ 'యావజ్జీవ' అలాగే ఉంది.

మరి ఈ 14 ఎక్కడిది? జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క అని చిన్నప్పుడు మా వీధి అరుగు మీద పెద్దలు ఘంటాపథంగా చెప్పేవారు. అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు. 1978లో నేర విచారణ స్మృతికి 433-ఎ అనే సెక్షన్ చేర్చారు. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడినా, మరణశిక్ష యావజ్జీవంగా మారినా, ఆ ఖైదీని కనీసం 14 ఏళ్లు జైల్లో గడపనిదే విడుదల చేయకూడదని దాని సారాంశం. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 475వ సెక్షన్. అంటే 14 ఏళ్లు నిండితే ప్రభుత్వం విడుదల గురించి ఆలోచించవచ్చు, తప్పక విడుదల చేయాలని కాదు. 'కనీసం' అన్న మాట జారిపోయి అంకె ఒక్కటే జనం నోట మిగిలింది. 20 ఏళ్ల లెక్క ఒకటి ఉంది, దాని పని వేరు. నేరానికి ప్రయత్నించిన వాడికి అసలు శిక్షలో సగం వేయాలంటే జీవితంలో సగం ఎంతని కొలుస్తాం? అలాంటి భిన్నాల కోసమే యావజ్జీవాన్ని 20 ఏళ్లుగా లెక్కిస్తారు.

రెండు యావజ్జీవ శిక్షల గురించి మీకు వచ్చిన సందేహం సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికీ వచ్చింది. మనిషికి ఉన్నది ఒక్కటే జీవితం కనుక రెండు యావజ్జీవాలు విధించవచ్చు గానీ, ఒకటి ముగిశాక రెండోది మొదలయ్యేలా విధించకూడదని 2016లో చెప్పింది. పదేళ్ల శిక్ష, యావజ్జీవం కలిసి పడితే ముందు పదేళ్లు అనుభవించి తర్వాత యావజ్జీవంలోకి వెళ్లమనవచ్చు, తిరగేస్తే కుదరదు. చక్కటి వ్యాకరణం! కాబట్టి "రెండు యావజ్జీవ శిక్షలు" అని రాయడం తప్పు కాదు, పక్కనే "ఏకకాలంలో అమలవుతాయి" అని చేర్చాలి.

ఈ అంకె మాటను ఎంతగా తినేసిందో చూడండి. 2013లో అత్యాచార నేరాల సెక్షన్లను సవరించినప్పుడు, కొన్నిచోట్ల యావజ్జీవం అంటే 'మిగిలిన సహజ జీవితకాలమంతా' అని చట్టంలోనే విప్పి రాయాల్సి వచ్చింది. వ్యాకరణంలో అది పునరుక్తి. 2008 నుంచి సుప్రీంకోర్టు కూడా కొన్ని కేసుల్లో ఉరికి బదులుగా, ఇన్నేళ్ల వరకు తగ్గింపు లేదని షరతు పెట్టి యావజ్జీవం వేస్తోంది. 2019 జైలు గణాంకాల ప్రకారం దేశంలో శిక్ష పడిన ఖైదీల్లో సగానికి పైగా యావజ్జీవం పడినవారే. విడుదల దూరమయ్యేకొద్దీ ఆ బారకాసుల్లో ముసలివాళ్లు పెరుగుతారు. వాళ్లకు పత్రికలో కనిపించే 'పూర్తి చేసుకుని' అన్న మాట ఎంత బరువైనదో మనం ఊహించలేం.

అందుకే "14 ఏళ్లు శిక్ష అనుభవించాక ప్రభుత్వం శిక్ష తగ్గించగా విడుదలైన యావజ్జీవ ఖైదీ" అని రాయాలి. దీన్ని 'క్షమాభిక్ష' అనడం కూడా నాకు నచ్చదు. ఆ మాటను రాజ్యాంగం 72, 161 అధికరణాల కింద రాష్ట్రపతి, గవర్నరు వాడే అధికారానికి ఉంచుకుని, మిగిలినదాన్ని 'శిక్ష తగ్గింపు' అంటే సరిపోతుంది.

మీ ప్రశ్నలో కూడా చిన్న పొరపాటు ఉంది, ఏమీ అనుకోవద్దు. శిక్ష పడ్డాక అతను 'నిందితుడు' కాడు, 'దోషి'. ఈ తేడా చిన్నది కాదు. 2022 చివరికి మన జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వాళ్లు జైల్లో ఉన్నారు గానీ వాళ్లకింకా శిక్ష పడలేదు. వాళ్ల గురించి "జైలు శిక్ష అనుభవిస్తున్న నిందితుడు" అని రాసే విలేకరులూ ఉన్నారు. "రిమాండులో ఉన్న నిందితుడు" అంటే చాలు.