ఏడ్చేవాళ్లని మెలోడ్రామా అనకండి

“మెలోడ్రామా అంటే అసలు అర్థం ఏమిటి? నేను కాస్త గొంతు పెంచినా, కళ్లనీళ్లు పెట్టుకున్నా మా ఆయన ‘మెలోడ్రామా ఆపు’ అంటారు. అది తిట్టేనా?” అని ఒకావిడ అడిగారు. తిట్టే. నాటకాన్ని అంటే విమర్శ, మనిషిని అంటే తిట్టు. ఇందులో నాకు అనుమానమే లేదు.

తెనాలి దగ్గర మా ఊళ్లో పెదనాన్న పోయిన రోజు చూశాను. అరుగు మీద పడుకోబెట్టారు. పెద్దమ్మ ఆయన కాళ్లు పట్టుకుని రాగాలు తీసి ఏడుస్తోంది. కూతురి పెళ్లికి ఏ ఎడ్లజత అమ్మాడో, ఏ తుఫానుకి కోతకొచ్చిన చేను పోయిందో, అప్పిచ్చిన మనిషి గడప దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో, అన్నీ వరసగా వచ్చేస్తున్నాయి. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆమె మెడ పట్టుకుని తనకు తెలిసిన ముక్క ఒకటి కలుపుతోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బాబాయి కొడుకు నా చెవి దగ్గర “టూ మచ్ మెలోడ్రామా” అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పెదనాన్న బతుకంతా ఆ ఏడుపులో ఉంది, వాడికి గొంతు మాత్రమే వినపడింది. కాసేపటికి పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, “దూరాన్నుంచి వచ్చినోళ్లకి పక్కింటి నుంచి కాఫీ తెప్పించారా?” అని అడిగింది. శోకాలు పెట్టడానికీ ఒక పద్ధతుంది. అది తెలియనివాళ్లకే అతిగా కనపడుతుంది.

మాట పుట్టింది నాటకాల్లోనే. గ్రీకులో మెలోస్ అంటే పాట. దానికి డ్రామా కలిపితే పాట కలిసిన నాటకం. ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండ్ చేరింది. 1802లో లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్లో ఒక నాటకాన్ని మెలోడ్రామా అని చెప్పే వేశారు. అప్పట్లో అక్కడ ఉత్త మాటల నాటకం వేసే హక్కు లైసెన్సున్న రెండు మూడు పెద్ద థియేటర్లకే ఉండేది. 1843లో చట్టం మారేదాకా చిన్న థియేటర్లు సంగీతం కలుపుకుని నెట్టుకొచ్చాయి. వాటికి వెళ్లింది ఎక్కువగా కూలీనాలీ జనం. ఆ మాటకి చులకన అక్కడే అంటుకుందని నా గట్టి నమ్మకం.

మన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూడండి. కొడుకు శవం ముందు చంద్రమతి రాగం తీసి పద్యం పాడితే జనం వన్స్ మోర్ అంటారు. అదే ఏడుపు ఇంట్లో ఏడిస్తే ఓవరాక్షన్ అంటారు. ఇదేం న్యాయం? అననే కావాలంటే ఒక చెంపదెబ్బని ఉరుములూ మెరుపులతో మూడు వైపుల నుంచి చూపించే టీవీ సీరియళ్లని అనండి. అక్కడ ఆ మాట అవసరమే. ఆఫీసుల్లో ఆడవాళ్లని డ్రామా క్వీన్ అంటారు. క్రికెట్ మ్యాచ్ ఓడిపోయిందని రిమోట్ విసిరికొట్టే మగవాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

మీ ఆయన మళ్లీ ఆ మాట అంటే, ‘నేను చెప్పినదాంట్లో ఏది అబద్ధమో చెప్పండి’ అని అడగండి. డబ్బు సంగతైతే డబ్బు సంగతే, అత్తగారి మాటైతే ఆ మాటే. దానికి జవాబు వచ్చేదాకా మీ గొంతు గురించి చర్చ పెట్టనివ్వకండి.